వెండితెర శాస్త్రం – 6: ఫిల్ము లేని ఫిల్ము బడి

గత భాగంలో మనం అమెరికాలో ఉన్నాం. హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం బోధించే హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1916లో ‘ది ఫోటోప్లే’ పుస్తకం రాసి, సినిమా మన మనసు నడిచే తీరులోనే నడుస్తుందని వాదించిన సంగతి చూశాం. మన ధ్యాస ఒక వస్తువు మీదికి వెళ్లినట్టే కెమెరా క్లోజప్‌లోకి వెళుతుంది. మనకు పాత సంగతి గుర్తొచ్చినట్టే తెర మీద గతం కదులుతుంది. ఆయన హాల్లో కూర్చున్న మనిషి మనసులోంచి సినిమాను చూశాడు. అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశాడు.

ఆ ప్రశ్ననే మరో కొసనుంచి పట్టుకున్నవాళ్లు మాస్కోలో తయారయ్యారు. ప్రేక్షకుడి మనసు ఎలా పనిచేస్తుందన్నదాంతో వాళ్లు ఆగలేదు. ఆ మనసును పని చేయించడం ఎలాగో తెలుసుకోవాలనుకున్నారు. వాళ్ల చేతిలో డబ్బు లేదు, సరైన స్టూడియో లేదు. చాలా కాలం ఫిల్ము కూడా లేదు. సినిమా సిద్ధాంతం అని ఇవాళ ప్రపంచమంతటా పాఠంగా చెప్పే విషయంలో పెద్ద భాగం ఆ లేమిలోంచి పుట్టింది.

1919, మాస్కో

విప్లవం వచ్చి రెండేళ్లు కావస్తోంది. దేశంలో అంతర్యుద్ధం సాగుతోంది. నగరంలో తిండికి కటకట, చలికాలంలో పొయ్యిలోకి కట్టెలకూ కటకటే. సినిమా వ్యాపారులు చాలామంది కెమెరాలు, నెగెటివ్‌లు, నటులతో సహా దక్షిణానికి, అక్కణ్ణుంచి విదేశాలకు తరలిపోయారు. ముడి ఫిల్ము ఆ దేశంలో తయారయ్యేది కాదు, బయటి నుంచి రావలసిందే. ఆ దిగుమతి నిలిచిపోయింది.

ఆ పరిస్థితుల్లో 1919 ఆగస్టు 27న సినిమా, ఛాయాచిత్ర పరిశ్రమలను జాతీయం చేస్తూ లెనిన్ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ వెంటనే, సెప్టెంబరు 1న, మాస్కోలో ప్రభుత్వ సినిమా బడి తెరుచుకుంది. సీనియర్ దర్శకుడు వ్లదీమిర్ గార్దిన్ దానికి తొలి అధిపతి. ప్రపంచంలోని అతి పాత సినిమా బడుల్లో అది ఒకటి, వీజీఐకే అనే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. తీయడానికి ఫిల్ము లేని కాలంలో సినిమా నేర్పే బడి పెట్టడం విడ్డూరంగా కనిపించవచ్చు. కానీ ఆ బడికి అప్పటికే ఒక గురువు సిద్ధంగా ఉన్నాడు. పేరు లెవ్ కులెషోవ్. వయసు 20 ఏళ్లు.

కులెషోవ్ 1899లో తాంబోవ్‌లో పుట్టాడు. మాస్కోలో చిత్రలేఖనం చదువుతూనే 1916లో ఖాన్జోంకోవ్ స్టూడియోలో సెట్లు వేసే పనికి కుదిరాడు. అక్కడ యెవ్గెనీ బావర్ అనే గొప్ప దర్శకుడి దగ్గర పని నేర్చుకున్నాడు. బావర్ సినిమాల్లో ప్రతి గదీ ఒక వర్ణచిత్రంలా ఉండేది. నటులు తాపీగా, నిండుగా బరువైన భావాలు పలికించేవారు. 1917లో బావర్ చనిపోయాడు. ఆ ఏడాదే కులెషోవ్ పత్రికల్లో వ్యాసాలు మొదలుపెట్టాడు. సినిమా బలం నటుడి ముఖంలోనో, సెట్టు అందంలోనో లేదని, ఒక ముక్క పక్కన ఇంకో ముక్కను ఏ వరుసలో, ఎంత నిడివితో అతికిస్తామన్న దానిలో ఉందని వాదించాడు.

ఈ మాట అతనికి ఊరికే తట్టలేదు. కులెషోవ్, అతని మిత్రులు సినిమా హాళ్లకు వెళ్లి తెర కంటే ఎక్కువగా జనాన్ని చూసేవారు. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద హాళ్ల కంటే కార్మికులు ఉండే శివారు హాళ్లే వాళ్లకు ఇష్టం. అక్కడి జనం మొహమాటపడరు. నచ్చితే కేక వేస్తారు, నచ్చకపోతే అదీ దాచుకోరు. రష్యన్ చిత్రం, యూరప్ చిత్రం, అమెరికన్ చిత్రం – ఈ మూడింటిలో అమెరికన్ చిత్రానికే హాలు అన్నిటికంటే ఎక్కువగా ఊగిపోయేది. ఎందుకని లెక్క తీస్తే తేలింది ఇది: రష్యన్ సినిమాలో ఒక దృశ్యమంతా ఒకే పొడవాటి ముక్కలో నడుస్తోంది, అమెరికన్ సినిమాలో అదే దృశ్యం ఎన్నో చిన్న ముక్కలుగా ఉంది. ప్రేక్షకుడి గుండె వేగం పెంచింది ఆ ముక్కల వరుసేనని కులెషోవ్‌కు నమ్మకం కుదిరింది.

తెరలతో కట్టిన షాట్లు

బడిలో కులెషోవ్ బృందం ఏర్పడిన తీరు కూడా చెప్పుకోదగ్గది. పరీక్ష తప్పిన కొందరు విద్యార్థులను అతను చేరదీశాడు. వాళ్లతో చిన్న చిన్న నాటికలు తయారుచేయించి మళ్లీ పరీక్షకు నిలబెట్టాడు, వాళ్లు మెప్పుతో గట్టెక్కారు. అలా అతని చుట్టూ చేరిన వాళ్లలో అలెక్సాంద్రా ఖొఖ్లోవా ఉంది. మాస్కోలోని ప్రసిద్ధ చిత్రశాలను నెలకొల్పిన పావెల్ త్రెత్యకోవ్‌కు ఆమె మనవరాలు. బోరిస్ బార్నెట్ ఉన్నాడు. రసాయనశాస్త్రం చదివి, ప్రపంచయుద్ధంలో జర్మన్ల దగ్గర ఖైదీగా గడిపి వచ్చిన వ్సెవలోద్ పుదోవ్కిన్ ఉన్నాడు.

ఫిల్ము లేదు కాబట్టి ‘ఫిల్ము లేని ఫిల్ములు’ తీశారు. అంటే రంగస్థలం మీద సినిమా ఆడారు. నల్లటి తెరలు అడ్డుపెట్టి, వేదికలో చిన్న భాగం మాత్రమే కనిపించేలా చేసేవారు. ఆ కాస్త జాగాలో ఒక చెయ్యి తలుపు గడియ మీదికి వస్తుంది, అది క్లోజప్. తెర మూసి మరో చోట తెరుస్తారు. అక్కడ గది మొత్తం, అందులో మనుషులు కనిపిస్తారు, అది దూరపు షాట్. తెర మళ్లీ మూత పడుతుంది, ఈసారి ఒక ముఖం. ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఎప్పుడు మూయాలి అన్నదాన్ని సెకన్ల లెక్కన సాధన చేసేవారు. చలికి వణుకుతున్న ఆ హాల్లో, ఒక్క అడుగు ఫిల్ము కూడా ఖర్చు కాకుండా, ఒక తరం దర్శకులు షాటు అంటే ఏమిటో ఒంటితో నేర్చుకున్నారు.

ఇంకో పాఠ్యపుస్తకం అమెరికా నుంచి వచ్చింది. డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ‘ఇన్‌టాలరెన్స్’ ప్రింటు రష్యాకు చేరింది. బాబిలోన్ పతనం, క్రీస్తు కథ, ఫ్రాన్స్‌లో మతహింస, ఆధునిక అమెరికాలో ఒక కార్మికుడి ఉరిశిక్ష – నాలుగు కాలాల నాలుగు కథలను ఒకదానిలోంచి ఒకదానిలోకి దూకిస్తూ అల్లిన సినిమా అది. మాస్కో కుర్రాళ్లు దాన్ని చూసి ఊరుకోలేదు. ముక్కముక్కగా పరిశీలించారు, వరుస మార్చి చూశారు. ఎక్కడ ఏ ముక్క తీసేస్తే ఉత్కంఠ చచ్చిపోతుందో, ఎక్కడ చేరిస్తే పెరుగుతుందో పట్టుకున్నారు.

ఒకే ముఖం, మూడు మనసులు

ఇప్పుడు ఆ ప్రయోగం దగ్గరికి వద్దాం. ఇవాళ ఏ దేశంలో సినిమా చదువుకున్నా మొదటి నెలలోనే వినే ప్రయోగం ఇది.

ఇవాన్ మొజుఖిన్ జార్ కాలపు రష్యాలో తిరుగులేని నటుడు. 1920లో దేశం వదిలి ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. అతని పాత సినిమాలోంచి కులెషోవ్ ఒక క్లోజప్ ఎంచుకున్నాడు. అందులో ముఖం నిలకడగా ఉంది. కోపం, నవ్వు, దుఃఖం ఏదీ స్పష్టంగా లేదు. ఆ ముఖం తర్వాత బల్ల మీద ఒక సూపు పళ్లెం అతికించాడు. అదే ముఖం తర్వాత శవపేటికలో ఉన్న స్త్రీని అతికించాడు. మళ్లీ అదే ముఖం, ఆ తర్వాత బొమ్మతో ఆడుకునే చిన్న పాప. ఈ గుట్టు తెలియనివాళ్లకు చూపిస్తే మొజుఖిన్ నటనకు మురిసిపోయారట. సూపు చూసి ఎంత ఆలోచనలో పడ్డాడో, చనిపోయిన స్త్రీని చూసి ఎలా కుమిలిపోయాడో, పాపను చూసి ఎంత తేలిగ్గా నవ్వాడో అని మెచ్చుకున్నారట. నిజానికి మూడుసార్లూ తెర మీద ఉన్నది ఒకే ముక్క.

ఈ కథ ఇలా మనకు చేరింది పుదోవ్కిన్ వల్ల. 1929లో లండన్ ఫిల్మ్ సొసైటీలో ఇచ్చిన ఉపన్యాసంలో అతను దీన్ని చెప్పాడు. కులెషోవ్ స్వయంగా రాసినచోట వివరాలు వేరుగా ఉన్నాయి. ఒక పేరున్న నటుడితో వాదన వచ్చిందనీ, జైల్లో ఆకలితో ఉన్నవాడికి సూపు ఇస్తే పెట్టే ముఖం, స్వేచ్ఛ కోసం తపించేవాడికి జైలు తలుపు తెరిస్తే పెట్టే ముఖం వేరువేరుగా ఉండాలని ఆ నటుడు పట్టుబట్టాడనీ, ముక్కల కూర్పు చేతిలో ఆ తేడా నిలవదని తాను చూపించాననీ అతను రాశాడు. ప్రయోగం తాలూకు ఫిల్ము ఏదీ మిగల్లేదు.

అందుకే తర్వాతి పరిశోధకులు దీన్ని మళ్లీ చేసి చూశారు. 1992లో అమెరికాలో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్‌లీ ఆ మూడు జతలను మళ్లీ తయారుచేసి విద్యార్థులకు చూపిస్తే, పుదోవ్కిన్ చెప్పినంత ప్రభావం కనిపించలేదు. 2006లో మెదడు స్కాన్లతో చేసిన ఒక అధ్యయనంలో మాత్రం, పక్కన ఉన్న దృశ్యాన్ని బట్టి ముఖంలోని భావాన్ని మనుషులు వేరుగా చదువుతున్నారని తేలింది. 2016లో వచ్చిన మరో అధ్యయనం కూడా ప్రభావం ఉందనే చెప్పింది. మొత్తం మీద కులెషోవ్ పట్టుకున్న నాడి సరైనదే. అయితే అది మంత్రంలా అందరి మీదా ఒకే మోతాదులో పనిచేయదు. రెండు ముక్కల మధ్య ఖాళీని ప్రేక్షకుడు తన దగ్గరున్న దానితో నింపుతాడు. మొజుఖిన్ ముఖంలో దుఃఖం చూసినవాడు ఆ దుఃఖాన్ని తన ఇంటినుంచే తెచ్చుకున్నాడు.

కులెషోవ్ ఇదే సూత్రాన్ని స్థలం మీదా ప్రయోగించాడు. మాస్కోలో ఒకచోట ఖొఖ్లోవా నడుస్తోంది. దానికి దూరంగా నది గట్టు మీద ఒబొలెన్‌స్కీ అనే నటుడు నడుస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు, గోగోల్ విగ్రహం దగ్గర కలుసుకుని ఒకవైపు చూస్తారు. వాళ్లు చూసిన వైపు కనిపించేది వాషింగ్టన్‌లోని శ్వేతసౌధం! ఏదో అమెరికన్ చిత్రంలోంచి తీసి అతికించిన ముక్క అది. ఆ తర్వాత వాళ్లు ఎక్కే మెట్లు మాస్కోలోని క్రీస్తు రక్షక కెథడ్రల్ మెట్లు. భూమి మీద లేని ఒక ఊరు ప్రేక్షకుడి మనసులో చక్కగా కట్టబడింది. ఈ ప్రయోగంలోని ఒక తునక 1990లలో ఆర్కైవులో బయటపడింది.

జార్ ఫిల్ములే జార్ మీద సాక్ష్యం

ఈ చరిత్రలో పేరు తక్కువగా వినిపించే ఒక స్త్రీ ఉంది. కూర్పు ఎంత దూరం వెళ్లగలదో అందరికంటే బాగా చూపింది ఆమేనని నా అభిప్రాయం. పేరు ఎస్ఫిర్ షుబ్. 1920లలో రష్యాకు వచ్చే విదేశీ సినిమాలను సోవియట్ ప్రేక్షకుడికి తగ్గట్టు కత్తిరించి, అక్షరాల కార్డులు మార్చి, తిరిగి అతికించడం ఆమె ఉద్యోగం. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘డాక్టర్ మబూజ్’ను ఆమె తిరగ కూర్చుతున్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్న కుర్రాడు సెర్గీ ఐజెన్‌స్టీన్.

1927లో షుబ్ ‘రొమనోవ్ వంశ పతనం’ అనే చిత్రం చేసింది. అందులో ఆమె కొత్తగా నడిపించిన కథ లేదు, నటులు లేరు. గోదాముల్లో తడిసి చెడిపోతున్న పాత వార్తాచిత్రాలు, జార్ కుటుంబం తమ ముచ్చట కోసం తీయించుకున్న ఫిల్ములు వెతికి, 60 వేల మీటర్ల దాకా చూసి, అందులోంచి ఏరిన ముక్కలతోనే సినిమా కట్టింది. అందులో ఒక చోటు చూడండి. ఓడ డెక్కు మీద రాజవంశీకులు, దొరసానులు ఉత్సాహంగా నాట్యమాడుతున్నారు. చెమట పట్టేదాకా ఆడారని ఒక కార్డు పడుతుంది. వెంటనే మట్టి తవ్వుతూ చెమట కక్కుతున్న కూలీ కనిపిస్తాడు. ఓడ మీద కెమెరా తిప్పినవాడు దొరల సంతోషాన్ని భద్రపరచాలనుకున్నాడు. షుబ్ ఆ సంతోషంలో ఒక్క ఫ్రేము కూడా మార్చలేదు, దాని పక్కన ఇంకొకటి పెట్టిందంతే. దొరల సంబరం వాళ్ల మీద అభియోగపత్రం అయిపోయింది.

ఇక్కడే నాకు భయమూ వేస్తుంది. ప్రతి ముక్కా నిజమైనదే అయినా మొత్తం చెప్పే మాటను అతికించినవాడే నిర్ణయిస్తాడు. షుబ్ చెప్పిన మాట చరిత్రకు దగ్గరగా ఉంది. అదే కత్తెర అబద్ధం చెప్పేవాడి చేతిలోనూ ఇంతే నమ్మకంగా పలుకుతుంది.

కుక్క, ఎద్దు, రైతు

పుదోవ్కిన్ 1926లో రెండు చిత్రాలు చేశాడు. ఒకటి గోర్కీ నవల ఆధారంగా తీసిన ‘అమ్మ’. రెండోది ‘మెదడు యాంత్రికశాస్త్రం’, శరీరశాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ పరిశోధనల మీద డాక్యుమెంటరీ. అన్నం పెట్టేముందు ప్రతిసారీ ఒక గుర్తు ఇస్తే, కొన్నాళ్లకు ఆ గుర్తుకే కుక్క నోట్లో లాలాజలం ఊరుతుందని పావ్లోవ్ నిరూపించాడు. ఆ కాలపు సోవియట్ కళాకారుల్లో చాలామందికి ఈ శాస్త్రం పెద్ద ఆశ కలిగించింది. సరైన దృశ్యాన్ని సరైన క్షణంలో ఇస్తే ప్రేక్షకుడిలో కోరిన స్పందన ఖాయమని వాళ్లు అనుకున్నారు.

ఐజెన్‌స్టీన్ ఈ ఆలోచనను 1923లో ‘లెఫ్’ పత్రికలో రాసిన వ్యాసంలో తెగేసి చెప్పాడు. ప్రేక్షకుడి మీద దెబ్బల్లా పడే ఘట్టాలను లెక్కగట్టి పేర్చితే, దర్శకుడు కోరిన భావం వైపు అతణ్ణి నడిపించవచ్చన్నాడు. 1925లో వచ్చిన తొలి చిత్రం ‘సమ్మె’లో దాన్ని అమలు చేశాడు. సైనికులు కార్మికులను ఊచకోత కోసే దృశ్యాల మధ్య, కబేళాలో ఎద్దును కోసే నిజమైన దృశ్యాన్ని దూర్చాడు. గొంతు తెగుతుంది, నెత్తురు చిమ్ముతుంది, వెంటనే పరిగెత్తే జనం.

తర్వాత ఐజెన్‌స్టీన్ తానే ఒక విషయం రాశాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే విలువైనది అదే. కబేళా దృశ్యం నగరవాసిని కుదిపేసినా, తన పశువును తానే కోసుకునే అలవాటున్న రైతు మీద దాని ప్రభావం శూన్యమన్నాడు. రైతుకు ఎద్దును కోయడం భయానకం కాదు, అది పని. లెక్కంతా ఆ ఒక్క రైతు దగ్గర తప్పింది. ప్రేక్షకుణ్ణి మైనంలా మలచవచ్చనుకున్న సిద్ధాంతానికి, ప్రేక్షకుడు తన బతుకుతో సహా హాల్లోకి వస్తాడని ఆ రైతు జవాబు చెప్పాడు.

దీని అర్థం సినిమాకు బలం లేదని మాత్రం కాదు. 1925 డిసెంబరులో మాస్కో బొల్షోయ్ థియేటర్లో మొదటిసారి ప్రదర్శించిన ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’ చూస్తే ఆ బలం తెలుస్తుంది. క్రిమియాలోని అలూప్కాలో ఒక రాజప్రాసాదం మెట్ల పక్కన పాలరాతి సింహాలున్నాయి. ఒకటి నిద్రపోతోంది, ఒకటి కళ్లు తెరిచింది, ఒకటి లేచి కూర్చుంది. ఐజెన్‌స్టీన్ మూడింటినీ విడివిడిగా తీసి, ఓడ ఫిరంగులు పేలిన వెంటనే వరుసగా అతికించాడు. రాయి లేచి గర్జించినట్టుంటుంది. ఒక్క సింహమూ కదలలేదు, కదలిక అంతా చూసేవాడిలోనే జరిగింది. ఇక ఒడెస్సా మెట్ల మీద సైనికులు జనాన్ని కాల్చుకుంటూ దిగే దృశ్యం. 1905 తిరుగుబాటు రోజుల్లో ఆ నగరంలో కాల్పులు జరిగిన మాట నిజం. కానీ మెట్ల మీద ఆ ఊచకోత, దొర్లిపోయే ఆ పసిబిడ్డ బండి ఐజెన్‌స్టీన్ కల్పనలే. ఆ కల్పన ఎంత బలంగా నాటుకుందంటే, చాలామందికి 1905 అంటే ఆ మెట్లే గుర్తొస్తాయి.

ఆ బలాన్ని ప్రభుత్వాలు వెంటనే గుర్తించాయి. జర్మనీలో సెన్సారు కత్తిరించింది. బ్రిటన్‌లో 1926లో నిషేధించి 1954 దాకా ఎత్తేయలేదు. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ 1933లో సినిమా పరిశ్రమ పెద్దలతో మాట్లాడుతూ, గట్టి నమ్మకం లేనివాణ్ణి బోల్షివిక్కుగా మార్చగల సినిమా ఇదని మెచ్చుకున్నాడు, అలాంటివి మనమూ తీయాలన్న ధోరణిలో. మరుసటి ఏడాది ఐజెన్‌స్టీన్ బహిరంగ లేఖతో అతనికి గట్టి జవాబిచ్చాడు. కానీ పాఠం అప్పటికే అవతలి చేతుల్లోకి వెళ్లింది.

గురువుకు దక్కింది

సొంత దేశంలోనూ ఆ బృందానికి సుఖం దక్కలేదు. 1930లలో స్టాలిన్ ప్రభుత్వం సూటిగా కథ చెప్పే సినిమాలనే కోరింది. కూర్పు గురించి మాట్లాడేవాళ్ల మీద ‘రూపవాదులు’ అన్న ముద్ర పడింది. కులెషోవ్‌కు దర్శకుడిగా అవకాశాలు తగ్గిపోయాయి, తన పనిని తానే బహిరంగంగా తప్పుపట్టుకోవలసి వచ్చింది. అయినా చెప్పడం మానలేదు. 1944లో తాను యువకుడిగా పాఠాలు చెప్పిన ఆ బడికే అధిపతి అయ్యాడు. 1970లో మరణించేనాటికి అతని శిష్యుల శిష్యులు కూడా సినిమాలు తీస్తున్నారు.

ఆ పాఠం మన దేశానికీ వచ్చింది. పుదోవ్కిన్ రాసిన సినిమా సాంకేతిక గ్రంథాన్ని 1929లో ఐవర్ మాంటెగ్యూ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవాళ్లు కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టినప్పుడు మొదట వేసిన చిత్రం ‘పొటెంకిన్’. 1951లో పుదోవ్కిన్ స్వయంగా భారతదేశం వచ్చాడు. 1960లో పూణేలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మన తెలుగు సాంకేతిక నిపుణుల్లోనూ అందులో చదువుకున్నవారు ఎందరో.

సినిమా సిద్ధాంతం తీసేవాళ్లకే గానీ మనకెందుకని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. ఇవాళ మన ఇళ్లలో సాయంత్రం సీరియల్‌లో ఒక మాట పడగానే ముగ్గురి ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి పెద్దవిగా కనిపిస్తాయి, ఏ ముఖాన్ని ఎలా చదవాలో సంగీతం చెబుతుంది. వార్తల్లో ఒక నాయకుడి మాట పక్కన ఎప్పటిదో ఒక గుంపు దృశ్యం వస్తుంది. చేతిలో ఫోనులో రోజుకు కొన్ని వందల ముక్కలు ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి. వాటి వెనక కులెషోవ్ సూత్రమే పనిచేస్తోంది. మనం చదువుకోవలసింది ఆ అతుకును. ఈ ముఖం నిజంగా దేన్ని చూస్తోంది? ఈ గుంపు ఏ రోజుది? ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టింది ఎవరు, నాచేత ఏమనిపించాలని? ఈ మూడు ప్రశ్నలు అడగగలిగినవాడికి సినిమా మీద ప్రేమ తగ్గదు, కూర్పరి పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. మోసపోయే అవకాశం మాత్రం తగ్గుతుంది. బళ్లలో పద్యానికి ప్రతిపదార్థం చెప్పినంత శ్రద్ధగా దృశ్యానికీ చెప్పే రోజు రావాలని నేను కోరుకుంటున్నాను.

వచ్చే భాగంలో, నటులూ కథా వద్దు, కెమెరా కన్నే చాలు అన్న జిగా వెర్తోవ్‌ను, అతను తెచ్చిన ఫిల్మును బల్ల మీద సినిమాగా మలచిన అతని భార్య ఎలిజవేతా స్విలోవాను కలుద్దాం.

(సశేషం)